ఇంగ్లీషులో ‘ఎన్నో తారీఖు’, ‘ఏ వారం’, ‘ఎప్పటి నుంచి’: ఎలా అడగాలి, ఎలా చెప్పాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వారాల పేర్లు, నెలల పేర్లు అన్నీ వచ్చు, గ్రామర్ పుస్తకం కూడా చదివాను, అయినా ‘ఈ రోజు ఎన్నో తారీఖు’, ‘దీపావళి ఏ వారం పడింది’, ‘మూడు రోజుల నుంచి జ్వరం’ అని ఇంగ్లీషులో చెప్పబోతే మాట ఆగిపోతోంది. ఫోన్లో చెప్పిన తేదీ ఒకటైతే నాకు వినిపించేది ఇంకొకటి. మెయిల్లో తేదీ ఎలా రాయాలో కూడా చెప్పండి.

తేదీల విషయంలో తెలుగువాళ్లు చేసే తప్పులు చాలావరకు ఒకే రకంవి. తెలుగులో ఒకే మాటతో గడిచిపోయే చోట ఇంగ్లీషు రెండు మూడు మాటలు వాడుతుంది. ‘వారం’, ‘నుంచి’, ‘లో’, ‘రాత్రి’ అనే నాలుగు మాటల దగ్గర ఈ తేడా బాగా దెబ్బ తీస్తుంది. కాబట్టి జాబితాలు బట్టీ పట్టే బదులు వీటిని ఒక్కొక్కటిగా చూడండి.

‘వారం’ అంటే మనకు ఏడు రోజులూ కలిపి ఒక వారం, సోమ, మంగళ అనే పేరూ వారమే. అందుకే ‘ఈ రోజు ఏ వారం?’ అన్నది ‘విచ్ వీక్ ఈజ్ టుడే?’గా మారిపోతుంది. వినేవాళ్లకు అది ‘ఏడాదిలో ఎన్నో వారం’ అన్నట్టు ఉంటుంది. అడగవలసిన తీరు: ‘వాట్ డే ఈజ్ ఇట్ టుడే?’ జవాబు: ‘ఇట్స్ ట్యూజ్‌డే.’ తారీఖు కావాలంటే ‘వాట్స్ ది డేట్ టుడే?’ లేదా ‘వాట్స్ టుడేస్ డేట్?’ జవాబు: ‘ఇట్స్ ది ట్వెల్ఫ్త్.’ ‘డే’ అని అడిగితే వారం పేరు చెప్పాలి, ‘డేట్’ అని అడిగితే అంకె చెప్పాలి. జవాబులో ఆ ‘ఇట్’ ఏమిటని వెతక్కండి. ‘ఈ రోజు మంగళవారం’ అన్న తెలుగు వాక్యానికి క్రియ అక్కర్లేదు. ఇంగ్లీషు వాక్యానికి కర్తా క్రియా రెండూ కావాలి కనుక ఊరికే ఒక ‘ఇట్’ తెచ్చి కూర్చోబెడతారు. ‘టుడే ఈజ్ ట్యూజ్‌డే’ అన్నా తప్పు లేదు.

ఇక ‘ఎన్నో’. ఈ మాటకు ఇంగ్లీషులో సరైన జోడీ లేదు. ‘మీరు మీ ఇంట్లో ఎన్నో సంతానం’ అని ఇంగ్లీషులో అడగమంటే ఎవరైనా తల గోక్కోవలసిందే. తేదీ విషయంలో మాత్రం దారి సులువు: ఎన్నో, ఎంత, ఏ అన్నవన్నీ పక్కన పెట్టి ‘వాట్’ ఒక్కటే వాడండి. ‘పరీక్ష ఎన్నో తారీఖు?’ అంటే ‘వాట్ డేట్ ఈజ్ ది ఎగ్జామ్?’ ‘నేను ఎన్నో తారీఖున రావాలి?’ అంటే ‘వాట్ డేట్ షుడ్ ఐ కమ్?’ రెండు మూడు తేదీలు ఇచ్చి వాటిలో ఏదో ఒకటి ఎంచుకోమన్నప్పుడు మాత్రం ‘విచ్ డేట్’ బాగా కుదురుతుంది.

పండగ ఏ వారం పడిందో అడగడానికి తెలుగుకీ ఇంగ్లీషుకీ ఒకే క్రియ ఉంది: పడటం, ‘ఫాల్’. కాకపోతే మనం ముందు రాబోయే పండగకు కూడా ‘పడింది’ అంటాం. ఇంగ్లీషులో అలా గతంలో పెట్టకూడదు. ‘వాట్ డే డజ్ దీపావళి ఫాల్ ఆన్ దిస్ ఇయర్?’ అని అడగాలి, ‘ఇట్ ఫాల్స్ ఆన్ ఎ మండే’ అని చెప్పాలి. అయిపోయిన పండగకైతే ‘ఫెల్’: 2025 దీపావళి ‘ఫెల్ ఆన్ మండే, ది ట్వంటీయత్ ఆఫ్ అక్టోబర్.’

వారాల పేర్లలో ట్యూజ్‌డే, థర్జ్‌డే ఎక్కువగా కలిసిపోతాయి. ఫోన్లో వింటే రెండూ ఒకటే మోత. గుర్తుపెట్టుకోవడానికి మన వారాలే సాయం చేస్తాయి, ఎందుకంటే అక్కడా ఇక్కడా గ్రహాల వరుస ఒకటే. ఆదిత్యుడిది సండే, చంద్రుడిది మండే, శనిది సాటర్‌డే. మధ్యలో నాలుగింటికి మాత్రం వాళ్ల పాత దేవతల పేర్లు పెట్టుకున్నారు: మంగళవారం టీవ్, బుధవారం వోడెన్, గురువారం థోర్, శుక్రవారం ఫ్రిగ్. థోర్ ఉరుముల దేవుడు. ఇంద్రుడి వజ్రాయుధంలాగా అతనికో సుత్తి. అతని రోజే థర్జ్‌డే. తెలంగాణ వైపు ‘బేస్తవారం’ అనీ, కోస్తాలో ‘లక్ష్మీవారం’ అనీ పిలిచే గురువారం అదే. వోడెన్ గుర్తుంటే బుధవారం స్పెల్లింగులో నోటికి రాని ‘డి’ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది. పలికేటప్పుడు ‘వెడ్‌నెస్‌డే’ అని మూడు ముక్కలు చేయక్కర్లేదు, ‘వెన్జ్‌డే’ చాలు.

రాతలో ఇంకొకటి. తెలుగు లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే తేడా లేదు కనుక మనకు అది తోచదు గానీ, ఇంగ్లీషులో వారం పేరూ నెల పేరూ వాక్యం మధ్యలో వచ్చినా పెద్ద అక్షరంతోనే మొదలవ్వాలి. సమ్మర్, వింటర్ లాంటి కాలాల పేర్లకు అది అక్కర్లేదు.

ఇప్పుడు అంకెలు. తేదీకి వన్, టూ, త్రీ పనికిరావు, ఫస్ట్, సెకండ్, థర్డ్ కావాలి. ముప్ఫై ఒక్క తేదీల్లో కుదురుగా ఉండనివి ఏడే: 1, 21, 31 చివర ఎస్-టీ, 2, 22 చివర ఎన్-డీ, 3, 23 చివర ఆర్-డీ రాస్తారు. మిగతా అన్నింటికీ టీ-హెచ్. 11, 12, 13 కూడా ఈ టీ-హెచ్ గుంపులోవే. 12ను ‘ట్వెల్‌సెకండ్’లా ఊహించుకుని ఎన్-డీ తగిలించడం తరచూ కనిపించే తప్పు. అక్షరాల్లో రాసేటప్పుడు నైన్త్‌లో నైన్‌కున్న చివరి ‘ఈ’ పోతుంది, ఫిఫ్త్, ట్వెల్ఫ్త్‌లలో ‘వీ’ పోయి ‘ఎఫ్’ వస్తుంది, ఎయిత్‌లో ‘టీ’ ఒక్కటే ఉంటుంది, ట్వంటీయత్, థర్టీయత్‌లలో ‘వై’ స్థానంలో ‘ఐ-ఈ’ చేరుతుంది.

ఫోన్లో మీకు తేదీ తప్పుగా వినిపించడానికి అసలు కారణం బహుశా 13, 30 జంటే. థర్టీన్త్‌లో బరువు రెండో ముక్క మీద పడుతుంది, చివర ముక్కుతో పలికే ‘న్’ వినిపిస్తుంది. థర్టీయత్‌లో బరువు ‘థర్’ మీదే పడి తర్వాతిది తేలిపోతుంది. మనం తెలుగులో అన్ని అక్షరాలనూ ఇంచుమించు సమానంగా పలుకుతాం కాబట్టి ఈ తేడా చెవికీ అందదు, నోటికీ రాదు. చెవి అలవాటు పడేదాకా అంకెలు విడగొట్టి అడిగేయండి. మొహమాటం అక్కర్లేదు, కాల్ సెంటర్లలో అందరూ చేసే పనే:

– కుడ్ యు టెల్ మీ ది డేట్ ఆఫ్ ది ఇంటర్వ్యూ, ప్లీజ్?
– ఇట్స్ ఆన్ థర్జ్‌డే, ది థర్టీన్త్ ఆఫ్ నవంబర్.
– సారీ, వజ్ దట్ థర్టీన్త్, వన్-త్రీ, ఆర్ థర్టీయత్, త్రీ-జీరో?
– వన్-త్రీ.
– సో దట్స్ థర్జ్‌డే, ది థర్టీన్త్ ఆఫ్ నవంబర్. థాంక్యూ.

చివర్లో వారం పేరు కలిపి మళ్లీ చెప్పడం ఊరికే కాదు. 2025 నవంబరులో 13 గురువారం, 30 ఆదివారం. అంకె తప్పు విన్నా వారం పేరు దాన్ని పట్టిస్తుంది. తేదీ చెప్పేటప్పుడు మీరు కూడా వారం జోడించి చెప్పండి. ట్యూజ్‌డే, థర్జ్‌డే గొడవ కూడా దీంతోనే తీరుతుంది, అక్కడ అంకె వారాన్ని పట్టిస్తుంది.

చెప్పే తీరూ రాసే తీరూ వేరు. ఆగస్టు 15ను నోటితో ‘ది ఫిఫ్టీన్త్ ఆఫ్ ఆగస్ట్’ అంటారు, లేదా ‘ఆగస్ట్ ది ఫిఫ్టీన్త్’. అమెరికావాళ్లు ఆ ‘ది’ కూడా వదిలేసి ‘ఆగస్ట్ ఫిఫ్టీన్త్’ అంటారు. మన దగ్గర వాడుకలో ఉన్న ‘ఫిఫ్టీన్త్ ఆగస్ట్’ ఇక్కడ ఎవరికైనా అర్థమవుతుంది. రాతలో మాత్రం ‘ది’, ‘ఆఫ్’ రాయరు: 15 ఆగస్ట్ 2025, అంతే. అంకె పక్కన టీ-హెచ్ తగిలించకపోవడమే ఇప్పటి పద్ధతి. అమెరికా పద్ధతిలో నెల ముందు, తేదీ తర్వాత, ఆపైన కామా పెట్టి సంవత్సరం: ఆగస్ట్ 15, 2025.

సంవత్సరాన్ని రెండు ముక్కలుగా చదువుతారు. 1947 అంటే ‘నైన్టీన్ ఫార్టీసెవెన్’. మనం తెలుగులో ‘పంతొమ్మిది వందల నలభై ఏడు’ అన్నట్టు ‘నైన్టీన్ హండ్రెడ్ ఫార్టీసెవెన్’ అనక్కర్లేదు. 1905 ‘నైన్టీన్ ఓ ఫైవ్’. 2000 ‘టూ థౌజండ్’, 2009 ‘టూ థౌజండ్ నైన్’, 2010 నుంచి ‘ట్వంటీ టెన్’, ‘ట్వంటీ ట్వంటీఫైవ్’.

విభక్తుల సంగతికి వద్దాం. ఇక్కడ తెలుగు మనకు శత్రువు కాదు, సగం పని అదే చేసి పెడుతుంది. ‘15న’, ‘సోమవారం నాడు’ అన్నచోట ‘ఆన్’. ‘ఆగస్టులో’, ‘2014లో’ అన్నచోట ‘ఇన్’. ‘అయిదింటికి’ అన్నచోట ‘ఎట్’. అంటే న, నాడులకు ఆన్, లోకు ఇన్, కికి ఎట్. ‘తెలంగాణ 2014లో ఏర్పడింది’ అంటే ‘ఇన్ 2014’. ‘2014 జూన్ 2న ఏర్పడింది’ అంటే ‘ఆన్ ది సెకండ్ ఆఫ్ జూన్ 2014’. నెల, సంవత్సరం ఎన్ని ఉన్నా, వాటితో తేదీ వచ్చి చేరిందంటే ఆన్.

ఈ లెక్క తప్పే చోట్లు కొన్ని ఉన్నాయి. పొద్దున, సాయంత్రం మామూలుగా ‘ఇన్ ది మార్నింగ్’, ‘ఇన్ ది ఈవెనింగ్’. పక్కన వారం చేరగానే ‘ఆన్ మండే మార్నింగ్’ అవుతుంది. రాత్రికి ‘ఎట్ నైట్’. శని, ఆదివారాలకు బ్రిటిష్ వాళ్లు ‘ఎట్ ది వీకెండ్’ అంటే అమెరికావాళ్లు ‘ఆన్ ది వీకెండ్’ అంటారు. పండగ ఒక్క రోజుదైతే ఆన్, నాలుగు రోజుల సందడి మొత్తాన్ని చెప్పాలంటే ఎట్ లేదా డ్యూరింగ్. ‘సంక్రాంతికి ఊరెళ్తాం’ అన్నప్పుడు భోగి, సంక్రాంతి, కనుమ అన్నీ కలిపే అంటాం కనుక ‘వి గో హోమ్ ఎట్ సంక్రాంతి’. నెక్స్ట్, లాస్ట్, దిస్, ఎవ్రీ అనే మాటలు ముందుంటే ఏ విభక్తీ పెట్టకూడదు. ‘ఆన్ నెక్స్ట్ మండే’, ‘ఇన్ లాస్ట్ ఇయర్’ రెండూ తప్పే. టుమారో, ఎస్టర్‌డేలకు కూడా అంతే.

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు ‘నుంచి’ దగ్గర జరుగుతాయి. ‘సోమవారం నుంచి జ్వరం’, ‘మూడు రోజుల నుంచి జ్వరం’: తెలుగులో రెండింటికీ ఒకటే నుంచి. ఇంగ్లీషు మాత్రం ఇక్కడ ఒక ప్రశ్న వేస్తుంది: నుంచికి ముందున్నది మొదలైన ఘడియా, గడిచిన కాలమా? మొదలైన ఘడియ అయితే సిన్స్: ‘ఐ హావ్ హాడ్ ఎ ఫీవర్ సిన్స్ మండే.’ గడిచిన కాలం అయితే ఫర్: ‘ఐ హావ్ హాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్.’ మనందరి నోటా వచ్చే ‘సిన్స్ త్రీ డేస్’ తప్పు. తెలుగులోనే దీనికో పరీక్ష ఉంది. ఆ ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘మూడు రోజులుగా జ్వరం’ కుదిరింది, కాబట్టి ఫర్. ‘సోమవారంగా జ్వరం’ కుదరలేదు, కాబట్టి సిన్స్.

ఈ రెండింటితోనూ క్రియ కూడా మారాలి, చాలామంది అది మరిచిపోతారు. ‘2019 నుంచి ఇక్కడే పని చేస్తున్నాను’ అన్నదాన్ని ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019’ అనకూడదు. ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019’ అనాలి. రాబోయే రోజు నుంచి మొదలయ్యేదానికి సిన్స్ అసలు పనికిరాదు, అక్కడ ఫ్రమ్: ‘సోమవారం నుంచి కొత్త టైమింగ్స్’ అంటే ‘ఫ్రమ్ మండే’. ఇక ‘ఎప్పటి నుంచి?’ అని అడగడానికి ‘సిన్స్ వెన్?’ అని ఊరుకోవద్దు. దాని స్వరంలో ‘ఓహో, ఎప్పట్నుంచేమిటి?’ అనే వెటకారం వినిపిస్తుంది. డాక్టర్ అడిగినట్టు మర్యాదగా అడగాలంటే ‘హౌ లాంగ్ హావ్ యు హాడ్ దిస్?’

జరిగిపోయినదానికి ‘ఎగో’. ‘రెండు రోజుల క్రితం వచ్చాడు’ అంటే ‘హి కేమ్ టూ డేస్ ఎగో’. ‘బిఫోర్ టూ డేస్’ అంటే ఎవరికీ సరిగా అర్థం కాదు. ‘టూ డేస్ బ్యాక్’ మన దేశంలో చెల్లుతుంది.

మొన్న, ఎల్లుండి అనే చక్కటి ఒంటిమాటలు ఇంగ్లీషుకు లేవు. ‘ది డే బిఫోర్ ఎస్టర్‌డే’, ‘ది డే ఆఫ్టర్ టుమారో’ అని సాగదీయాల్సిందే. అటుమొన్న, ఆవలెల్లుండి అయితే ‘త్రీ డేస్ ఎగో’, ‘త్రీ డేస్ ఫ్రమ్ నౌ’. కాకపోతే ‘మొన్న కనిపించాడు’ అన్నప్పుడు చాలాసార్లు మన ఉద్దేశం సరిగ్గా రెండు రోజుల క్రితం అని కాదు, ‘ఈమధ్యే’ అని. ఆ మొన్నకు ఇంగ్లీషులో ‘ది అదర్ డే’ అచ్చంగా సరిపోతుంది.

పూటలు జోడించడంలో ‘టుడే మార్నింగ్’, ‘టుడే ఈవెనింగ్’, ‘ఎస్టర్‌డే నైట్’ అని మాటకు మాట పెడతారు. వాడుకలో ఉన్నవి ‘దిస్ మార్నింగ్’, ‘దిస్ ఈవెనింగ్’, ‘లాస్ట్ నైట్’. ఈ రాత్రి ‘టునైట్’. ‘టుమారో మార్నింగ్’, ‘ఎస్టర్‌డే మార్నింగ్’ మాత్రం బాగానే ఉన్నాయి. ఇందులో తర్కం వెతికితే దొరకదు, బట్టీ పట్టాల్సిందే.

రాత్రి దగ్గర ఇంకా పెద్ద చిక్కుంది, దీంతో రైళ్లు, విమానాలు తప్పిపోతాయి. మన పంచాంగం లెక్కలో వారం సూర్యోదయంతో మారుతుంది. అందుకే సోమవారం అర్ధరాత్రి దాటి పావుగంటైనా మనకు అది ‘సోమవారం రాత్రి పన్నెండుంపావు’. టికెట్ మీద అది మంగళవారం 00:15. 10వ తేదీ 00:15 అని టికెట్లో ఉంటే, స్టేషనుకు వెళ్లాల్సింది 9వ తేదీ రాత్రి భోజనం చేసి. 10వ తేదీ రాత్రి వెళ్తే రైలు వెళ్లిపోయి పూటకు పైనే అవుతుంది. ఇంగ్లీషులో ఎవరికైనా చెప్పేటప్పుడు ‘మండే నైట్ ఎట్ ట్వెల్వ్ ఫిఫ్టీన్’ అని ఆపేయకుండా ‘ట్వెల్వ్ ఫిఫ్టీన్ ఎ.ఎం. ఆన్ ట్యూజ్‌డే, దట్ ఈజ్, మండే నైట్’ అని రెండూ చెప్పండి. అమెరికాలో పిల్లలున్న ఇళ్లలో ఇది రోజూ ఉండేదే. అక్కడి శుక్రవారం రాత్రి ఇక్కడ శనివారం ఉదయం. కాల్ పెట్టుకునేటప్పుడు ‘సాటర్‌డే మార్నింగ్ ఇండియా టైమ్’ అని ఎవరి రోజో చెప్పి తీరాలి.

గడువుల దగ్గర తెలుగు మళ్లీ చాలా స్పష్టంగా ఉంటుంది, మనమే దాన్ని పాడు చేసుకుంటాం. ‘శుక్రవారం కల్లా’ అంటే ‘బై ఫ్రైడే’, శుక్రవారం కూడా లెక్కలోకి వస్తుంది. ‘శుక్రవారం దాకా’ అంటే ‘అంటిల్ ఫ్రైడే’, పని అప్పటి వరకూ సాగుతూనే ఉంటుంది. ‘శుక్రవారానికి ముందే’ అంటే ‘బిఫోర్ ఫ్రైడే’, గురువారంతో సరి. ‘ఐ విల్ సెండ్ ఇట్ అంటిల్ ఫ్రైడే’ అంటే శుక్రవారం దాకా పంపుతూనే ఉంటానని అర్థం వస్తుంది. ‘ఎప్పటికల్లా కావాలి?’ అన్నదాన్ని ‘వెన్ డు యు నీడ్ ఇట్ బై?’ అని అడగండి. డబ్బు, దరఖాస్తు వంటివాటికి ‘ఆన్ ఆర్ బిఫోర్ 31 మార్చ్’ అని రాస్తే తగాదా ఉండదు.

‘రెండు రోజుల్లో ఇస్తాను’ అన్నమాటకు రెండర్థాలున్నాయి. రెండు రోజుల తర్వాత అని అయితే ‘ఇన్ టూ డేస్’. రెండు రోజుల లోపల ఎప్పుడైనా అని అయితే ‘వితిన్ టూ డేస్’. కస్టమర్‌కు మాటిచ్చేటప్పుడు ఈ రెండూ తారుమారు చేస్తే మాట తప్పినవాళ్లవుతారు. అలాగే పదిహేను రోజులు. మనకు పదిహేను రోజులంటే రెండు వారాలు అనే లెక్క. ఇంగ్లీషులో ‘ఫిఫ్టీన్ డేస్’ అంటే లెక్కపెట్టి పదిహేను. రెండు వారాలకు బ్రిటిష్ వాళ్లు ‘ఫోర్ట్‌నైట్’ అంటారు, అది పద్నాలుగు రోజులు. అమెరికాలో ఆ మాట పెద్దగా వాడరు, ‘టూ వీక్స్’ అంటే ఎక్కడైనా చెల్లుతుంది. ‘బైవీక్లీ’ జోలికి అసలు పోవద్దు. కొందరికి అది వారానికి రెండుసార్లు, కొందరికి రెండు వారాలకు ఒకసారి. ‘రోజు విడిచి రోజు’ అంటే ‘ఎవ్రీ అదర్ డే’, ‘శనివారం విడిచి శనివారం’ అంటే ‘ఎవ్రీ అదర్ సాటర్‌డే’. బ్యాంకుల సెలవు ఇదీ కాదు, ‘ది సెకండ్ అండ్ ఫోర్త్ సాటర్‌డేస్ ఆఫ్ ది మంత్’. 2015 సెప్టెంబరు నుంచి ఇదే పద్ధతి.

‘నెక్స్ట్ ఫ్రైడే’ మాత్రం ఇంగ్లీషువాళ్లకే తేలని గొడవ. సోమవారం నాడు ఈ మాట అంటే కొందరు నాలుగు రోజుల్లో వచ్చే శుక్రవారం అనుకుంటారు, కొందరు దాని తర్వాతి వారందనుకుంటారు. ‘దిస్ ఫ్రైడే’ అంటే దగ్గరిదే. దూరందానికి ‘ఫ్రైడే ఆఫ్ నెక్స్ట్ వీక్’ అని చెప్పి తేదీ జోడించండి. మీటింగు రోజు మార్చేటప్పుడు కూడా ఇలాంటి తంటాయే. బుధవారం మీటింగును ‘మూవ్ ఫార్వర్డ్ బై టూ డేస్’ అంటే సోమవారమనుకునేవాళ్లూ ఉన్నారు, శుక్రవారమనుకునేవాళ్లూ ఉన్నారు. ‘ప్రీపోన్’, అంటే అనుకున్న రోజు కన్నా ముందే పెట్టుకోవడం, మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, బయట తెలియనివాళ్లు ఎక్కువ. ‘ది మీటింగ్ హాజ్ బీన్ మూవ్డ్ ఫ్రమ్ వెన్జ్‌డే టు మండే’ అని రెండు రోజులూ చెప్పేస్తే ఏ మాటా వెతుక్కోనక్కర్లేదు.

మెయిళ్లలో, ఫారాల్లో ఒట్టి అంకెలతో తేదీ రాయడమే పెద్ద ప్రమాదం. 05/08 మనకూ బ్రిటిష్ వాళ్లకూ ఆగస్టు 5, అమెరికావాళ్లకు మే 8. భారత పాస్‌పోర్టులో పుట్టిన తేదీ రోజు-నెల-సంవత్సరం వరుసలో ఉంటుంది. అమెరికా ఇమిగ్రేషన్ దరఖాస్తుల్లో నెల ముందు రాయమంటారు. పాస్‌పోర్టు చూసి ఉన్నదున్నట్టు ఎక్కించేస్తే 05/08 వాళ్ల దగ్గర మే 8 అయి కూర్చుంటుంది, కంప్యూటరు తప్పని చెప్పదు. 13 నుంచి 31 దాకా పుట్టినవాళ్లు అదృష్టవంతులు, పదమూడో నెల లేదు కనుక తప్పు వెంటనే బయటపడుతుంది. ఫారంలో గడి పక్కన ఎం-ఎం (నెల), డీ-డీ (రోజు) అక్షరాలు ఏ వరుసలో ఉన్నాయో చూసి రాయండి.

ఎక్సెల్‌లోనూ ఇదే కథ. కంప్యూటరు అమెరికా సెట్టింగులో ఉంటే 05/08/2025 అని కొట్టగానే చప్పుడు చేయకుండా దాన్ని మే 8గా తీసుకుంటుంది. 15/08/2025 కొడితే అది తేదీగా మారదు, ఉత్త అక్షరాలుగా గడిలో ఎడమ వైపుకు అంటుకుంటుంది. ఒకే వరుసలో కొన్ని తేదీలు ఎడమకూ కొన్ని కుడికీ కనిపిస్తే కుడి వైపువే ముందు అనుమానించండి, మౌనంగా తారుమారైనవి అవే. ఫైళ్ల పేర్లలో 2025-08-05 పద్ధతి వాడండి. సంవత్సరం, నెల, రోజు అనే ఈ వరుస 1988లో వచ్చిన ఐఎస్‌ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం. ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో సర్దుకుంటాయి కూడా. మనుషులు చదివే మెయిల్లో నెలను అక్షరాల్లో రాయండి, అప్పుడు ఏ దేశంవాళ్లకూ అనుమానం రాదు.

సెలవు మెయిల్ ఇలా ఉంటే చాలు: ‘ఐ విల్ బి ఆన్ లీవ్ ఫ్రమ్ వెన్జ్‌డే, 14 జనవరి టు ఫ్రైడే, 16 జనవరి 2026, బోత్ డేస్ ఇన్‌క్లూజివ్, అండ్ విల్ బి బ్యాక్ ఎట్ వర్క్ ఆన్ మండే, 19 జనవరి.’ ‘ఫ్రమ్ 14 టు 16’ అని వదిలేస్తే 16న వస్తారా, 19నా అని అడుగుతారు. తిరిగి చేరే రోజు రాసేస్తే ఆ ప్రశ్న ఉండదు. అమెరికా కంపెనీలో అయితే ‘వెన్జ్‌డే త్రూ ఫ్రైడే’ అన్నా సరిపోతుంది, ఆ ‘త్రూ’లో చివరి రోజు కూడా చేరే ఉంటుంది.

పుట్టినరోజు గురించి కూడా. ‘వెన్ ఈజ్ యువర్ బర్త్‌డే?’ అంటే తేదీ, నెల చెప్పాలి, అది ఏటా వచ్చే రోజు. బ్యాంకువాళ్లు అడిగే ‘డేట్ ఆఫ్ బర్త్’కు సంవత్సరం కూడా కావాలి. ‘ఐ యామ్ బార్న్ ఆన్’ కాదు, ‘ఐ వజ్ బార్న్ ఆన్’. సర్టిఫికెట్లో ఒక తేదీ, ఇంట్లో ఇంకో తేదీ ఉండే మనవాళ్లు పార్టీకి పిలిచేటప్పుడు ఏది చెప్పినా ఫర్వాలేదు గానీ, ఫోన్లో బ్యాంకుకు మాత్రం సర్టిఫికెట్‌దే చెప్పండి.

చివరగా ‘డేట్’ అనే మాట. డాక్టర్ దగ్గరో ఆఫీసులోనో కలవాల్సింది ఉంటే ‘ఐ హావ్ ఎ డేట్ టుమారో’ అనకండి, అది అబ్బాయి అమ్మాయి కలిసి కాఫీకి వెళ్లే వ్యవహారం. ‘ఐ హావ్ ఎన్ అపాయింట్‌మెంట్ టుమారో’ అనండి. కోర్టు వాయిదాకు ‘మై హియరింగ్ ఈజ్ ఆన్ ది ట్వెల్ఫ్త్’ అంటే సరిపోతుంది.